టైరు పెరిగితే మీటరు ఎందుకు తగ్గుతుంది?

థార్‌కు కొత్త టైర్లు వేయించాలనుకునే కుర్రాడూ, ఇసుక టిప్పరు తిప్పే ఓనరూ టైర్ల షాపులో అడిగే ప్రశ్న ఒకటే: "ఒక సైజు పెద్దది పడుతుందా?" షాపాయన వంగి చూస్తాడు. స్టీరింగు పూర్తిగా తిప్పినా మడ్‌గార్డుకు తగలకపోతే "పడుతుంది" అంటాడు. మాట అక్కడితో ముగుస్తుంది. ఆ రోజు నుంచి డ్యాష్‌బోర్డులో వేగం, కిలోమీటర్లు, మైలేజీ మూడూ మారిపోతాయన్న సంగతి ఎవరి నోటా రాదు.

మారడమంటే ప్రతిసారీ చెడిపోవడమే కాదు. ఒక్కోసారి పెద్ద టైరు వేశాక స్పీడోమీటరు ముల్లు ఇదివరకటి కన్నా నిజానికి దగ్గరగా వస్తుంది. అదే టైరు వల్ల, ఆ ముల్లు పక్కనే ఉన్న కిలోమీటర్ల లెక్క నిజానికి దూరమవుతుంది. ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో తెలిస్తే, తన బండికి ఎంత పెద్ద టైరు వరకు ఫరవాలేదో ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు.

మీటరుకు రోడ్డు కనపడదు

స్పీడోమీటరు వేగాన్ని నేరుగా కొలవదు. దానికి తెలిసేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నది మాత్రమే. ఒక్క చుట్టుకు బండి ఇంత దూరం ముందుకు పోతుందని ఫ్యాక్టరీలోనే ఒక అంకె దానికి చెప్పి పంపుతారు. చుట్లను ఆ అంకెతో గుణించి దూరం చెబుతుంది, ఆ దూరాన్ని కాలంతో భాగించి వేగం చెబుతుంది. పొలం గట్టును అడుగులు వేసి కొలిచినట్టే ఇదీను. పొడుగాటి మనిషి కొలిచినా, పదేళ్ల పిల్లాడు కొలిచినా నూరు అడుగులు నూరు అడుగులే. ఆ నూరు అడుగుల్లో నడిచిన దూరం మాత్రం ఇద్దరికీ ఒకటి రాదు.

పాత పద్ధతిలో ఈ పని కేబులు చేసేది. జర్మన్ ఇంజనీరు ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటుకు పెట్టిన స్పీడోమీటరు తీరే దాదాపు శతాబ్దం పాటు ప్రపంచమంతా నడిచింది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబులు మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి, గిన్నె కూడా అదే వైపు తిరగబోతుంది. సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ సరితూగితే ముల్లు అక్కడ నిలుస్తుంది. ఇప్పటి బండ్లలో కేబులు పోయి సెన్సరు వచ్చింది. గేర్‌బాక్స్ బయటి షాఫ్టు దగ్గరో, చక్రం హబ్బు దగ్గరో పళ్లున్న రింగు తిరుగుతుంటే సెన్సరు ఆ పళ్లను లెక్కపెట్టి కంప్యూటరుకు పంపుతుంది. పరికరం మారినా కిటుకు పాతదే. అప్పుడూ ఇప్పుడూ లెక్కించేది చుట్లనే.

సెన్సరు ఎక్కడుందన్నది కూడా చూసుకోవాలి. అది గేర్‌బాక్స్ దగ్గరుంటే, ఇంజను తిప్పే చక్రాలే లెక్కలోకి వస్తాయి. లారీకి ముందు టైర్లు మాత్రం మార్చి వెనక టైర్లను అలాగే ఉంచితే మీటరులో తేడా రాదు. కానీ వెనక హౌసింగులో చక్రాలను తిప్పే గేర్ల జత (క్రౌన్ పీనియన్) మారిస్తే, టైర్లు అవే ఉన్నా మీటరు తప్పుతుంది. సెన్సరు చక్రం దగ్గరే ఉంటే క్రౌన్ సంగతి దానికి పట్టదు, టైరు సైజే ముఖ్యం.

టైరు మీది అంకెల్లో ఏముంది

టైరు పక్కన 255/65 ఆర్18 అని రాసి ఉంటుంది. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే రిమ్ము అంచు నుంచి నేల తాకే చోటు దాకా ఉన్న ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 18 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మీటరుకు కావలసింది వీటిలో ఏ ఒక్కటీ కాదు. మూడూ కలిపితే వచ్చే మొత్తం బయటి వ్యాసమే దానికి లెక్క.

కట్టి చూద్దాం. 255లో 65 శాతం 165.75. రిమ్ముకు పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి రెండింతలు 331.5. రిమ్ము 18 అంగుళాలు, అంగుళానికి 25.4 చొప్పున 457.2. మొత్తం 788.7, అంటే 789 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో పై రకానికి కంపెనీ ఇచ్చిన సైజు ఇదే. అదే థార్‌లో కింది రకానికి 245/75 ఆర్16 వచ్చింది. దాని వ్యాసం 774 మిల్లీమీటర్లు. కంపెనీ తానే ఇచ్చిన రెండు సైజుల మధ్యే దాదాపు 2 శాతం తేడా ఉందన్నమాట.

ఇక షాపుల్లో ఎక్కువగా అడిగే సైజులకు వద్దాం. 265/70 ఆర్17 వ్యాసం 803. 285/70 ఆర్17 వ్యాసం 831. 18 అంగుళాల రిమ్ము తీసి 17 అంగుళాలది వేసినా టైరు మొత్తం మీద పెద్దదైంది చూడండి. రిమ్ము చిన్నదా పెద్దదా అన్నది మీటరుకు అనవసరం. దీనికి ఎదురు ఉదాహరణ కార్లలో కనిపిస్తుంది. 205/55 ఆర్16 తీసి 225/45 ఆర్17 వేస్తే రిమ్ము అంగుళం పెరుగుతుంది, టైరు పక్క ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. వ్యాసం 632 నుంచి 634కు మాత్రమే వెళుతుంది. మీటరులో ఆ తేడా కంటికి కూడా ఆనదు.

సూత్రం చాలా చిన్నది. కొత్త వ్యాసాన్ని పాత వ్యాసంతో భాగించండి. 789 స్థానంలో 831 వేస్తే 1.053 వస్తుంది. అంటే బండి ఒక్కో చుట్టుకు 5.3 శాతం ఎక్కువ దూరం పోతోంది. అంతే దూరానికి చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. 803 వేస్తే తేడా 1.8 శాతమే. అసలు సైజు 774 అయిన బండికి ఇవే టైర్లు వేస్తే తేడాలు 3.7 శాతం, 7.4 శాతం అవుతాయి. అందుకే "ఫలానా సైజు వేస్తే ఎంత తేడా" అని అడిగితే ఒకే జవాబు ఉండదు. ఏ సైజు నుంచి అన్నది కూడా చెప్పాలి.

టైరు నేల మీద కాస్త నొక్కుకుంటుంది కదా, ఈ లెక్క నిలుస్తుందా అన్న అనుమానం రావచ్చు. నిజమే, రేడియల్ టైరు ఒక చుట్టుకు పోయే దూరం వ్యాసానికి 3.14 రెట్లు కాక, సుమారు 3.05 రెట్లు ఉంటుంది. పాత టైరూ కొత్త టైరూ రెండూ అలాగే నొక్కుకుంటాయి కాబట్టి, వాటి మధ్య శాతం మాత్రం దాదాపు మారదు.

ఫ్యాక్టరీ వదిలిన జాగా

కంపెనీ టైర్లతోనే నడుస్తున్న బండిలో కూడా ముల్లు 100 దగ్గరుంటే, ఫోన్లోని మ్యాపు 95, 96 అని చూపించడం చాలామంది గమనించే ఉంటారు. ఇది మీటరు లోపం కాదు, కావాలని అలా పెట్టింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని 39వ నంబరు వాహన నిబంధన ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు. అసలు వేగంలో పదో వంతుకు మరో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు అనుమతి ఉంది. అంటే బండి నిజంగా 100లో పోతుంటే ముల్లు 100 నుంచి 114 దాకా ఎక్కడున్నా నిబంధనకు లోబడినట్టే. 99 చూపిస్తే మాత్రం తప్పు.

ఇలా ఒకవైపే జాగా వదలడానికి కారణం టైరే. ఒకే సైజు రాసి ఉన్నా బ్రాండును బట్టి టైరు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. కొత్తదానికి, అరిగినదానికి తేడా ఉంటుంది. గాలి, బరువు, వేడి కొద్దిగా మారుస్తాయి. ఇవన్నీ ఎలా కలిసొచ్చినా డ్రైవరు తనకు తెలియకుండా పరిమితి దాటకూడదు కాబట్టి, కంపెనీలు ముల్లును కాస్త ఎక్కువ వైపుకు జరిపి పెడతాయి.

పెద్ద టైరు మొదట తినేసేది ఈ జాగానే. ముల్లు 100 అన్నప్పుడు అసలు వేగం 96 ఉన్న థార్‌ను తీసుకుందాం. 789 స్థానంలో 803 వేస్తే అదే 100 దగ్గర అసలు వేగం 97.7. మీటరు బాగుపడింది. 831 వేస్తే 101.1. జాగా మొత్తం అయిపోయి, ముల్లు ఇప్పుడు తక్కువ వైపుకు దాటింది. 35 అంగుళాల టైరు వేస్తే, 889 మిల్లీమీటర్ల లెక్కన అసలు వేగం 108 దాటుతుంది. అలాంటి బండి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ముల్లును 120 దగ్గర పెట్టి నిశ్చింతగా పోతుంటే, కెమెరాకు 130 కనిపిస్తుంది.

చలానా ఒక్కటే అయితే కట్టేసి ఊరుకోవచ్చు. బ్రేకు వేసినప్పుడు ఆపాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 5.3 శాతం పెరిగితే ఆ శక్తి దాదాపు 11 శాతం, 12.7 శాతం పెరిగితే 27 శాతం పెరుగుతుంది. పైగా పెద్ద టైరు బరువెక్కువ, నేల తాకే చోటు ఇరుసుకు దూరమవుతుంది, బ్రేకులు మాత్రం పాతవే. డ్రైవరు పాదానికి అలవాటైన దూరం ఇక సరిపోదు.

ముల్లు బాగుపడినా కిలోమీటర్లు తప్పుతాయి

ముల్లుకు ఉన్న జాగా కిలోమీటర్ల లెక్కకు ఉండదు. కంపెనీలు ఎక్కువ చూపేలా జరిపేది వేగాన్నే, ఓడోమీటరును మామూలుగా నిజానికి దగ్గరగానే ఉంచుతాయి. అందువల్ల పెద్ద టైరు వేయగానే కిలోమీటర్లలో తప్పు మొదటి మిల్లీమీటరు నుంచే మొదలవుతుంది. 803 వేసిన థార్‌లో ముల్లు బాగుపడిందని చెప్పుకున్నాం కదా, అదే బండిలో రీడింగు 10,000 అన్నప్పుడు అసలు తిరిగింది 10,180. 831 వేస్తే 10,530.

దీని ప్రభావం ముందు మైలేజీలో కనిపిస్తుంది. పాత టైర్లతో లీటరుకు 13 వచ్చిన బండి, 831 టైర్లతో 12 ఇస్తోందని ఓనరు బాధపడతాడు. కానీ ఆ 12ను 1.053తో గుణిస్తే 12.6 వస్తుంది. నిజంగా తగ్గింది అర కిలోమీటరు కూడా లేదు. మిగతాది మీటరు లెక్కించకుండా వదిలేసిన దూరం. బరువైన, ముతక గ్రిప్పున్న టైరు డీజిలు ఎక్కువ తాగడం నిజమే గానీ, నిందంతా దానికి వేయకూడదు.

తర్వాత సర్వీసు. 10,000కు ఆయిలు మార్చాల్సిన బండికి 10,530కి మారుస్తారు. ఒక్కసారికి పెద్ద నష్టం లేదు. వారంటీ, అమ్మకం విషయంలో మాత్రం ఆలోచించాలి. పెద్ద టైర్లతో ఏళ్ల పాటు తిరిగిన సెకండ్‌హ్యాండ్ బండిలో, ఎవరూ రీడింగు వెనక్కి తిప్పకపోయినా, కిలోమీటర్లు తక్కువే కనిపిస్తాయి. కొనేవాళ్లు టైరు సైజును డోరు పక్క స్టిక్కరుతో సరిపోల్చుకోవడం మంచిది.

లారీ దగ్గర ఇది డబ్బు లెక్క

సొంత కారులో ఐదు శాతం తేడా ఎవరికీ పెద్దగా తగలదు. లారీలో అదే తేడా డ్రైవరుకూ ఓనరుకూ మధ్య గొడవ అవుతుంది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో డీజిలు లెక్క యావరేజీ మీద నడుస్తుంది. ఈ బండి లీటరుకు ఇన్ని కిలోమీటర్లు ఇవ్వాలని ముందే అనుకుని, రీడింగు చూసి డీజిలు సరిపోల్చుతారు.

10.00 ఆర్20 టైరు వ్యాసం సుమారు 1,055 మిల్లీమీటర్లు. టిప్పర్లలో ఎక్కువగా కనిపించే 11.00 ఆర్20 సుమారు 1,085. మధ్య తేడా 3 శాతానికి కొంచెం లోపు. 10కి సరిచేసిన మీటరున్న బండికి వెనక చక్రాలకు 11 ఎక్కించారనుకుందాం. 1,000 కిలోమీటర్లు తిరిగితే మీటరులో 972 పడుతుంది. లీటరుకు 4 చొప్పున నిజంగా 250 లీటర్లు ఖర్చయ్యాయి. ఆఫీసులో మాత్రం 972ను 4తో భాగించి 243 అంటారు. ఆ 7 లీటర్లు ఏమయ్యాయని డ్రైవరును అడుగుతారు. అతని దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే అతను తీసింది లేదు.

అరుగుదల దీన్ని ఇంకా తికమక చేస్తుంది. లారీ టైరు గ్రిప్పు 15 మిల్లీమీటర్ల నుంచి 2కు అరిగితే వ్యాసం 26 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అది 2.5 శాతం. దాదాపు ఒక సైజు తేడా అంతా అరుగుదలలోనే ఉంది. అరిగేకొద్దీ చక్రం ఎక్కువ చుట్లు తిరిగి, మీటరులో కిలోమీటర్లు ఎక్కువ పడతాయి, యావరేజీ బాగున్నట్టు కనిపిస్తుంది. అలా అరిగిన 10 తీసి కొత్త 11 వేసిన రోజున రెండు తేడాలూ కలిసి ఒక్కసారిగా 5.4 శాతం అవుతాయి. నిన్నటి దాకా మంచి యావరేజీ ఇచ్చిన బండి ఇవాళ హఠాత్తుగా డీజిలు తాగుతోందని అనిపించేది ఇలాంటప్పుడే. జీపీఎస్ ఉన్న బండ్లలో ఈ తగాదా సులువుగా తీరుతుంది. జీపీఎస్ కిలోమీటర్లకూ రీడింగుకూ ఉన్న తేడా శాతం, టైరు తేడా శాతంతో కలిస్తే డ్రైవరు మీద అనుమానం అక్కర్లేదు.

వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడ్ గవర్నరు కూడా ఈ చుట్ల లెక్క మీదే ఆధారపడుతుంది. మన దేశంలో సరుకు వాహనాలకు సాధారణంగా దాన్ని 80 దగ్గర బిగిస్తారు. 10కి సరిచేసిన గవర్నరు 11 టైరుతో 82 దాటాక గానీ పట్టుకోదు.

యూరప్‌లో దీన్ని చట్టంలోనే రాసుకున్నారు. అక్కడి లారీల్లో డ్రైవరు ఎంతసేపు నడిపాడో, ఎంత వేగంతో నడిపాడో నమోదు చేసే టాకోగ్రాఫ్ ఉంటుంది. కనీసం రెండేళ్లకోసారి దాన్ని తనిఖీ చేయించాలి. ఆ తనిఖీలో టైరు సైజునూ, ఒక చుట్టుకు పోయే దూరాన్నీ కొలిచి బండిలో అతికించే పలకపై రాస్తారు. అమెరికాలో వాణిజ్య వాహనాల స్పీడోమీటరు గంటకు 50 మైళ్ల దగ్గర 5 మైళ్లకు మించి అటూ ఇటూ తప్పకూడదు.

అమెరికాలో ట్రక్కు అంటే ఇంటి ముందు నిలిపే పికప్ కూడా. డాలస్, ఆస్టిన్ వైపు తెలుగువాళ్ల ఇళ్ల దగ్గరా అవి కనిపిస్తాయి. ఫోర్డ్ ఎఫ్-150కి 275/65 ఆర్18 టైరు తీసి 35 అంగుళాలది వేస్తే తేడా 9 శాతం. టెక్సస్‌లో 130వ నంబరు టోల్ రోడ్డు మీద ఒక భాగంలో పరిమితి గంటకు 85 మైళ్లు. మీటరు కచ్చితంగా ఉన్న బండి అనుకున్నా, అక్కడ ముల్లు 85 దగ్గరుంటే అసలు వేగం 92 దాటుతుంది. అయితే 35 అని రాసి ఉన్న టైర్లు చాలావరకు కొలిస్తే కాస్త తక్కువే ఉంటాయి కాబట్టి, పేరును నమ్మకుండా కొలిచి చూసుకోవాలి.

ఎవరికి వారు తేల్చుకునే పద్ధతి

మొదటిది టేపు కొలత. గాలి సరిగ్గా పెట్టించి, మామూలుగా వేసే బరువుతో బండిని చదునైన చోట నిలపండి. టైరు మీద, దాని కింద నేల మీద సుద్దతో గీత పెట్టండి. చక్రం సరిగ్గా ఐదు చుట్లు తిరిగేలా బండిని నెమ్మదిగా ముందుకు పోనిచ్చి, గీత మళ్లీ నేలకు వచ్చిన చోటు వరకు దూరం కొలిచి ఐదుతో భాగించండి. పాత టైర్లు తీయక ముందు ఒకసారి, కొత్తవి వేశాక ఒకసారి కొలిస్తే అసలు తేడా తెలిసిపోతుంది.

రెండోది జీపీఎస్. మలుపులు, సొరంగాలు, ఎత్తైన భవనాలు లేని తిన్నని రోడ్డు మీద ముల్లును 60 దగ్గర, 80 దగ్గర కాసేపు కదలకుండా నిలిపి, పక్కన కూర్చున్నవాళ్లను ఫోన్లో వేగం చూడమనండి. నడిపేవాళ్లు ఫోను చూడకూడదు. వేగం మారుతున్నప్పుడు ఫోను కాస్త వెనకబడుతుంది, నిలకడగా ఉన్నప్పటి అంకెనే తీసుకోవాలి. ఓడోమీటరు తేల్చాలంటే 30, 40 కిలోమీటర్ల ప్రయాణంలో రెండింటి దూరాలూ పోల్చాలి.

ఫోను లేకపోయినా కిలోమీటరు రాళ్లున్నాయి. 3,600ను కిలోమీటరుకు పట్టిన సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. 45 సెకన్లు పడితే 80. ఒక్క కిలోమీటరులో ఒక సెకను పొరపాటు పడితే 2 శాతానికి పైగా తప్పు వస్తుంది కాబట్టి ఐదు కిలోమీటర్లకు చూసి సగటు తీయండి.

సరిచేయడం, ఊరుకోవడం

కేబులు మీటరున్న పాత బండ్లలో గేర్‌బాక్స్ దగ్గర కేబులును తిప్పే చిన్న పళ్ల చక్రాన్ని మార్చి సరిచేసేవాళ్లు. కొత్తవాటిలో టైరు చుట్టుకొలత కంప్యూటరులో ఉంటుంది. అమెరికా పికప్‌లలో చాలావాటికి డీలరు ఆ అంకె మార్చి ఇస్తాడు. మన దగ్గర అన్ని మోడళ్లకూ ఆ వీలు ఉండదు, టైర్లు కొనక ముందే సర్వీసు సెంటరులో అడగాలి. ముల్లును మాత్రమే జరిపే చిట్కాలకు పోవద్దు. సరిచేయాల్సింది చుట్టుకొలత అంకెను. అప్పుడే వేగం, దూరం, ఆటోమేటిక్ గేర్లు మారే సమయం అన్నీ కలిసి సర్దుకుంటాయి.

బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పెద్ద టైర్లతో చెడుతుందన్న భయం కొంత అక్కర్లేనిది, కొంత అవసరమైనది. ఏబీఎస్ ఒక చక్రాన్ని మిగతావాటితో పోల్చి చూస్తుంది. నాలుగూ ఒకే సైజులో పెరిగితే పోలిక పెద్దగా చెడదు. మూడు పెద్దవి, ఒకటి పాత స్టెప్నీ అయితేనే తంటా. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు ఒక సైజు, వెనక ఒక సైజు ఉంచి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే గేర్ల మీద ఒత్తిడి పడి విరిగే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి సైజు మారిస్తే స్టెప్నీతో కలిపి ఐదూ మార్చాలి.

చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షనును గట్టిగానే సమర్థించింది. అదే మోడల్‌లో పై రకానికి కంపెనీ ఇచ్చిన సైజుకు వెళ్లడం అన్నిటికన్నా నిరపాయమైన దారి.

టైర్ల వ్యాపారంలో చాలామంది పాటించే హద్దు 3 శాతం. దానికి లెక్కలోనూ అర్థముంది. ఆ లోపు ముల్లుకు ఫ్యాక్టరీ వదిలిన జాగా చాలావరకు సరిపోతుంది, కిలోమీటర్ల తేడాను మనసులో ఉంచుకుంటే చాలు. 3 దాటితే మీటరు సరిచేయించే వీలుందో లేదో ముందు కనుక్కోవాలి, వీలు లేకపోతే సైజు తగ్గించుకోవాలి. ఇకమీదట షాపులో "పడుతుందా?" అన్న ప్రశ్నతో పాటు కొత్త వ్యాసం ఎంత, పాత వ్యాసం ఎంత అని అడగండి. షాపాయనకు తెలియకపోయినా, టైరు మీద రాసి ఉన్న మూడు అంకెలూ ఫోన్లోని క్యాలిక్యులేటరూ ఉంటే నిమిషంలో తేలిపోతుంది.